అద్దం కింద కాగితం

ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి రాత్రి రెండింటికి మోగే ఫోన్ గురించి చెప్పక్కర్లేదు. మొన్నామధ్య నాకూ మోగింది. తెర మీద ఏదో ఎర్రర్ నంబరు. ఎక్కడో చూసినట్టే ఉంది, అర్థం మాత్రం గుర్తు రాదు. భయపడి సిస్టమ్ ఆపేశాను. తెల్లారాక తెలిసింది, ఆపక్కర్లేదని. "ఎవరు ఆపారు?" అంటూ రోజంతా మెయిళ్ళు. నాకేమో జాక్ గార్మన్ గుర్తొచ్చాడు.

1969 జులై 20. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీదకి దిగుతున్నారు. నేల ఇంకా పది కిలోమీటర్లుందనగా కంప్యూటర్ 1202 అని అలారం కొట్టింది. అదేమిటో చెప్పమని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. హ్యూస్టన్‌లో గైడెన్స్ చూస్తున్న స్టీవ్ బేల్స్‌కి 26 ఏళ్ళు. వెనక గదిలోంచి అతనికి సలహా చెప్పే గార్మన్‌కి 24. ఆ వయసులో నేను ఆఫీసులో కాఫీ మెషిన్ ఎక్కడుందో వెతుక్కుంటున్నాను!

మాటిమాటికీ రాకపోతే ఫర్వాలేదన్నాడు గార్మన్. బేల్స్ 'గో' అన్నాడు. కాసేపటికి 1201 వచ్చింది. అదే రకం, మళ్ళీ 'గో'.

నిజానికి కంప్యూటర్‌కి పని ఎక్కువైంది. ఒక రాడార్ నుంచి వచ్చే అనవసర సంకేతాలు దాని సమయం తినేస్తున్నాయి. ఎమ్ఐటీ వాళ్ళు రాసిన ప్రోగ్రామ్ మాత్రం ముఖ్యమైన పనులు ఉంచుకుని, మిగతావి వదిలేసి, మళ్ళీ మొదలెట్టేది.

ఆ క్షణంలో గార్మన్‌కి అంత ధైర్యం ఎలా వచ్చింది? కొద్ది వారాల ముందు సిమ్యులేషన్‌లో, పరీక్ష పెట్టేవాళ్ళు ఇలాంటి అలారమే రప్పించారు. బేల్స్ దిగడం ఆపించేశాడు. అది తప్పని తర్వాత తేలింది. అచ్చం నా తప్పే! కానీ అక్కడ వ్యవహారం చివాట్లతో ఆగలేదు. రాగల ప్రతి అలారానికీ ఏం చెయ్యాలో తేల్చి పెట్టమన్నాడు ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్. గార్మన్ జాబితా చేత్తో రాసి, మన తాలూకాఫీసు గుమాస్తాలు దేవుడి పటం పెట్టుకున్నట్టు, బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడు.

ఆ ఆగస్టులో బేల్స్ జట్టు తరఫున నిక్సన్ చేతుల మీదుగా పురస్కారం అందుకున్నాడు. గార్మన్ 2016లో పోయాడు. అతని పేరు ఇప్పటికీ ఎక్కువమందికి తెలియదు.

మా బల్లలకి అద్దాలు లేవు. మానిటర్ అంచుకి ఓ కాగితం అంటించాను. అందులో మొదటి నంబరు, నేను అనవసరంగా ఆపినదే.