'ఆద్యం' అన్న ఒక్క మాట

న్యాయశాస్త్రవేత్త అనగానే మనకు జడ్జీయో, పేరుమోసిన వకీలో గుర్తొస్తారు. మన పాత సంప్రదాయంలో ఆ పని చేసినవాడికి పీఠమూ లేదు, అధికారమూ లేదు. శ్లోకం స్మృతికర్తది, తీర్పు రాజుది. ఆ రెంటి నడుమ మాటకు అర్థం తేల్చినవాడు వ్యాఖ్యాత.

వాళ్లలో అగ్రగణ్యుడు విజ్ఞానేశ్వరుడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి (1076-1126) కాలంలో యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. అందులో స్త్రీధనం దగ్గర ఆగి చూడాలి. తల్లిదండ్రులు, భర్త, సోదరుడు ఇచ్చింది, పెళ్లిలో అగ్ని ఎదుట వచ్చింది, భర్త మళ్లీ పెళ్లాడుతూ మొదటి భార్యకు ఇచ్చింది అని వరసపెట్టి, స్మృతి చివర 'ఆద్యం' అంటుంది. అంటే 'మొదలైనవి'. ఏమిటా మొదలైనవి? వారసత్వంగా వచ్చింది, కొన్నది, పంపకంలో దక్కింది, దొరికింది, అన్నీ అందులోవే అన్నాడాయన. స్త్రీకి చెందిన ధనమేదైనా స్త్రీధనమే! దాయభాగం రాసిన జీమూతవాహనుడు ఇంత దూరం రాలేదు.

అదే మితాక్షర పుట్టుకతో వచ్చే ఆస్తి హక్కును కొడుకులకే ఇచ్చింది. అదీ నిజమే. అయినా ఆ ఒక్క మాట దగ్గర ఆయన చూపిన ధైర్యానికి నేను చేతులు జోడిస్తాను.

13వ శతాబ్దంలో కేతన ఈ శాస్త్రాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. కంపెనీ కోర్టులు 1772 తర్వాత పండితులను పక్కన కూర్చోబెట్టుకుని తీర్పులిచ్చాయి. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షర దాయవిభాగాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1864లో పండితుల పదవులే రద్దయ్యాయి. మరి మూడేళ్లకు, భర్త నుంచి సంక్రమించిన ఆస్తి స్త్రీధనం కాదని ప్రివీ కౌన్సిల్ తేల్చింది. వితంతువు బతికినన్నాళ్లు అనుభవించాలి, ఆమె తర్వాత అది భర్త వారసులకు పోవాలి. విజ్ఞానేశ్వరుడు తెరిచిన తలుపు అలా మూసుకుంది. ఎందరు ఆడవాళ్లు సొంత పొలం మీద పరాయివాళ్లయ్యారో!

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ఆ తలుపు మళ్లీ తెరిచింది. వారసత్వం, పంపకం, మనోవర్తి, కొనుగోలు అని వరస చెప్పి, చివర 'మరే విధంగానైనా' అని కలిపింది. నా దృష్టిలో అది 'ఆద్యం' తిరిగి రావడమే. మనోవర్తి కింద, బతికినన్నాళ్లకే అన్న షరతుతో ఇచ్చిన ఆస్తి కూడా ఆమెకు పూర్తిగా సొంతమేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వెళ్లింది మన ఆంధ్రప్రదేశ్ నుంచే.