పొగ తాగుడు – మధుమేహం

మధుమేహాన్ని తెలుగువారు చక్కెర వ్యాధి అనీ, కన్నడిగులు సక్కరె కాయిలె అనీ పిలుస్తారు. రెండు పేర్లలోనూ చక్కెర ఉన్నందున, తీపి తినడమే ఈ వ్యాధికి మూలమనే భావన సరిహద్దు గ్రామాలలో బలపడింది. అందుకే బెల్లం మానినా బీడీ మానని పెద్దలు అనేక ఇళ్లలో కనిపిస్తారు. నిజానికి పొగ తాగడం రెండో రకం మధుమేహానికి ఒక కారణమని 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక స్పష్టం చేసింది. పొగ తాగనివారి కంటే తాగేవారికి ఈ ముప్పు 30 నుంచి 40 శాతం అధికం. అనగా, తాగని వందమందిలో పదిమందికి వ్యాధి వచ్చే చోట, తాగే వందమందిలో పదముగ్గురికో, పద్నలుగురికో రావచ్చు. తాగే సంఖ్య పెరిగిన కొద్దీ ముప్పూ పెరుగుతుంది.

శరీరంలో జరిగేది

రక్తంలోని చక్కెర కణాలలోకి చేరడానికి క్లోమం స్రవించే ఇన్సులిన్ అవసరం. పొగాకులోని నికోటిన్ వల్ల కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. పొగలోని ఇతర రసాయనాలు కణాలను దెబ్బతీస్తాయి. పొగ తాగేవారు సన్నగా ఉన్నప్పటికీ పొట్ట చుట్టూ కొవ్వు చేరే అవకాశం ఎక్కువ. ఆ కొవ్వు కూడా ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది.

బీడీ, ఖైనీ

తునికాకుతో చుట్టినది గనుక బీడీ వల్ల హాని తక్కువన్న మాట సరికాదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ పీల్చవలసి వస్తుంది. ఖైనీలోనూ నికోటిన్ ఉంటుంది కనుక బీడీ మాని ఖైనీ పట్టడం పరిష్కారం కాదు. ఇంట్లో ఒకరు వదిలే పొగను పీల్చే ఇతరులకు కూడా మధుమేహ ముప్పు పెరుగుతున్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి.

వ్యాధి వచ్చినవారికి

అధిక చక్కెర, పొగాకు రెండూ రక్తనాళాలను దెబ్బతీస్తాయి. రెండూ కలిస్తే గుండె, మూత్రపిండాలు, కళ్లు త్వరగా చెడతాయి. పాదాలకు రక్తం సరిగా అందదు, స్పర్శ తగ్గుతుంది. పొలంలో గుచ్చుకున్న చిన్న ముల్లు మానని పుండుగా మారి, చివరకు కాలు తీసివేయవలసిన స్థితి రావచ్చు. కాయకష్టంపై బతికే కుటుంబానికి అది జీవనాధారాన్ని కోల్పోవడమే.

మానినవారికి

పొగ మానిన తొలి సంవత్సరాలలో కొందరికి ఆకలి పెరిగి బరువు హెచ్చుతుంది, దానితో చక్కెర ముప్పు తాత్కాలికంగా పెరగవచ్చు. 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, బరువు పెరగనివారికి ఈ ముప్పు పెరగలేదని తేలింది. బరువు పెరిగినవారిలో సైతం మరణాల ముప్పు తగ్గింది. కనుక బరువుకు భయపడి మానకుండా ఉండటం తగదు. నడక, మితాహారం పాటిస్తే చాలు.

పరీక్ష, సహాయం

ముప్పై ఏళ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున 100 నుంచి 125 ఉంటే ముందస్తు దశ, 126 లేదా ఆపైన ఉంటే మధుమేహంగా భావించి మరల పరీక్షించి నిర్ధారిస్తారు. 1953లో రాష్ట్రాలు విడిపోయినా ఆలూరు, రాయదుర్గం ప్రాంతాలవారికి బళ్లారి దగ్గరి పట్టణమే. అక్కడి కంటోన్మెంట్‌లో 1961లో స్థాపితమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పొగాకు మానదలచినవారు 1800-112-356 అనే జాతీయ ఉచిత నంబరుకు ఫోను చేసి తెలుగులోనైనా, కన్నడంలోనైనా సలహా పొందవచ్చు.