వాహనాలను మోసే రైళ్లు - వెడల్పు క్యారవాన్ల ప్రయాణంలో గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

పర్యాటక రంగంలో క్యారవాన్లకు ఇటీవలి కాలంలో ప్రాధాన్యం పెరుగుతున్న విషయం విదితమే. పడక, వంటగది, స్నానాల గది అమర్చిన ఇంటిబండిని కారు వెనుక తగిలించుకొని కుటుంబ సమేతంగా పర్యటించడం ఐరోపా దేశాల్లో చిరకాలంగా ఉన్న అలవాటు. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. ఇటువంటి బండి సముద్రాన్ని గాని, కనుమలను గాని దాటవలసి వచ్చినప్పుడు వాహనాలను మోసే రైలు ఎంతో సౌలభ్యం కలిగిస్తుంది. అయితే బండి వెడల్పు, ఎత్తు, అందులోని గ్యాసు సిలిండరు అనే మూడు అంశాలపైనే ఆ ప్రయాణం ఆధారపడి ఉంటుంది. పాత్రికేయ మిత్రులు, సంబంధిత శాఖల అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

సముద్ర గర్భ మార్గం

బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలను కలిపే ఛానెల్ సొరంగాన్ని 1994 మే 6న ఎలిజబెత్ రాణి, ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ లాంఛనంగా ప్రారంభించారు. దీని మొత్తం పొడవు సుమారు 50.5 కిలోమీటర్లు. ఇందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్ర గర్భంలోనే సాగుతుంది. రైళ్లు నడిచే జంట సొరంగాల లోపలి వ్యాసం ఒక్కొక్కటి 7.6 మీటర్లు. ఈ రెంటి నడుమ నిర్వహణకు, అత్యవసర సమయాల్లో ప్రయాణికుల తరలింపునకు 4.8 మీటర్ల వ్యాసం గల మరో సేవా సొరంగం ఉంది.

ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టన్, ఫ్రాన్స్‌లోని కోకెల్ (కలే సమీపం) స్టేషన్ల మధ్య కార్లను మోసే షటిల్ రైళ్లు 1994 డిసెంబరు నుండి, క్యారవాన్లను మోసే సేవ 1995 నుండి నడుస్తున్నాయి. ప్రయాణ సమయం సుమారు 35 నిమిషాలు. వాహన చోదకుడు తానే బండిని రైలులోకి నడుపుకుపోయి, అవతలి ఒడ్డున తానే దింపుకుంటాడు. ఫ్రాన్స్ సరిహద్దు తనిఖీలు ఫోక్‌స్టన్‌లోనే పూర్తవుతాయి. బ్రిటన్‌లో నివసిస్తున్న తెలుగువారిలో భారత పాస్‌పోర్టు గలవారు రైలెక్కక ముందే షెంగెన్ వీసా సిద్ధంగా ఉంచుకోవలసి ఉంటుంది.

వెడల్పు ఎందుకు ముఖ్యం

బ్రిటన్ రహదారి నిబంధనల ప్రకారం కారు వెనుక లాగే బండి వెడల్పు 2.55 మీటర్లకు మించరాదు. 3.5 టన్నుల లోపు వాహనం లాగే బండి పొడవు, ముందుభాగంలోని తగిలింపు చట్రాన్ని మినహాయించి, 7 మీటర్లకు మించరాదు. ఒకప్పుడు అక్కడి క్యారవాన్లు ఏడున్నర అడుగుల (2.29 మీటర్ల) లోపు వెడల్పుతోనే ఎక్కువగా తయారయ్యేవి. తదనంతర కాలంలో ఎనిమిది అడుగుల (2.44 మీటర్ల) వెడల్పు గల నమూనాలు విపణిలోకి వచ్చాయి. రహదారిపై అనుమతి ఉన్న ఈ బండి రైలు పెట్టెలో పడుతుందా అన్న సందేహం కొనుగోలుదారులకు కలగడం సహజమే.

షటిల్ రైలు పెట్టెలు సుమారు 4.1 మీటర్ల వెడల్పు, 5.6 మీటర్ల ఎత్తు కలిగి, సాధారణ రైలు పెట్టెల కన్నా ఎంతో పెద్దవిగా ఉంటాయి. కనుకనే అవి ఆ మార్గాన్ని దాటి ఇతర రైలు మార్గాలపై నడవలేవు. అయితే ఈ కొలత యావత్తూ బండికి లభించదు. పక్క గోడల మందం, ప్రయాణికులు నడిచే దారి, పెట్టెకు పెట్టెకు నడుమ గల అగ్ని నిరోధక తలుపుల చట్రాలు కొంత స్థలాన్ని ఆక్రమిస్తాయి. 1.85 మీటర్లకు మించిన ఎత్తు గల వాహనాలను, క్యారవాన్లను రెండంతస్తుల పెట్టెల్లోకి గాక ఒకే అంతస్తు గల పెట్టెల్లోకి పంపుతారు. వెడల్పు బండికి ఇరువైపులా మిగిలే జాగా స్వల్పమే కాబట్టి చక్రాలు అంచులకు ఒరుసుకోకుండా నెమ్మదిగా, నిటారుగా నడపవలసి ఉంటుంది.

క్యారవాన్ కారు కన్నా వెడల్పుగా ఉన్నప్పుడు పొడిగింపు అద్దాలు అమర్చుకోవాలని నిబంధన. బండిని కొలిచేటప్పుడు కంపెనీ పత్రంలోని అంకెతో సరిపెట్టుకోక ఈ అద్దాలను, పక్కన బిగించిన పందిరి గుడ్డ చుట్టను, కప్పుపై అమర్చిన పరికరాలను కూడా లెక్కలోకి తీసుకోవడం శ్రేయస్కరం.

గ్యాసు సిలిండరు - భద్రత

ఈ సొరంగంలో 1996 నవంబరు 18న, 2008 సెప్టెంబరు 11న సరుకు లారీలను మోసే షటిళ్లలో పెను అగ్నిప్రమాదాలు సంభవించాయి. రెండు సందర్భాలలోనూ ప్రాణనష్టం జరగకపోవడంలో సేవా సొరంగం పాత్ర గణనీయమైనది. గ్యాసు విషయంలో నియమాలు ఎంత కఠినంగా ఉన్నా అవి అనవసరమైనవి కావని ఈ ఘటనలు తెలుపుతున్నాయి.

ఎల్పీజీతో నడిచే వాహనాలను, అవి పెట్రోలుతో కూడా నడిచేవైనా సరే, ఈ రైలులోకి అనుమతించరు. వంటకు, వెచ్చదనానికి వాడే గ్యాసును మాత్రం పరిమితులకు లోబడి అనుమతిస్తారు. విడి సిలిండరు ఒకటైతే 47 కిలోలు, ఒకటికి మించితే అన్నీ కలిపి 50 కిలోలు మించరాదు. బండికి శాశ్వతంగా బిగించిన ట్యాంకైతే 93 కిలోల పరిమితితో పాటు, అందులో గ్యాసు 80 శాతానికి మించి ఉండరాదు. ప్రయాణమంతటా గ్యాసు కట్టివేసి ఉంచాలి. తనిఖీ సిబ్బంది కోరితే చూపాలి.

కొంకణ్ అనుభవం

వాహనాలను రైలుపై మోసే విధానం మన దేశానికి కొత్త కాదు. కొంకణ్ రైల్వే 1999లోనే సరుకు లారీలను చదును వ్యాగన్లపై ఎక్కించి తరలించే రోరో సేవను ఆరంభించింది. లారీ నేరుగా వ్యాగన్‌పైకి ఎక్కి, గమ్యస్థానంలో నేరుగా దిగుతుంది. కనుమ దారుల్లో డీజిలు ఆదా, టైర్ల అరుగుదల తగ్గడం, డ్రైవర్లకు విశ్రాంతి దీని ప్రధాన ప్రయోజనాలు. 2025 ఆగస్టు 23న వినాయక చవితి రద్దీ దృష్ట్యా ఇదే సంస్థ మహారాష్ట్రలోని కోలాడ్ నుండి గోవాలోని వెర్ణాకు కార్ల కోసం ప్రత్యేక సేవను ప్రారంభించింది. రైలుకు 40 కార్లు, కారుకు రూ. 7,875 రుసుముగా నిర్ణయించారు. ఛానెల్ షటిల్‌లో ప్రయాణికులు తమ వాహనంలోనే ఉండగా, ఇక్కడ వారికి వేరే బోగీలు కేటాయించడం గమనార్హం. ఇది కార్లకు ఉద్దేశించిన సేవ గనుక ఆ రుసుము, ఆ ఏర్పాట్లు క్యారవాన్లకు వర్తిస్తాయని భావించరాదు.

తెరిచి ఉన్న వ్యాగన్‌పై క్యారవాన్‌ను తరలించాలంటే లెక్క మరో విధంగా ఉంటుంది. పట్టాల నుండి వ్యాగన్ నేల వరకు గల ఎత్తుకు బండి ఎత్తు తోడవుతుంది. సొరంగం పైకప్పు విల్లులా వంగి ఉంటుంది కాబట్టి బండి కప్పు మధ్యభాగం కన్నా పై మూలలే ముందుగా తగిలే ప్రమాదం ఉంది. మలుపుల్లో పొడవాటి వ్యాగన్ నడిమి భాగం లోపలికి, చివరలు వెలుపలికి జరుగుతాయి. విద్యుదీకరించిన మార్గంలో పైనున్న తీగలతో ఎడం కూడా తప్పనిసరి. కాబట్టి నిలిచి ఉన్న వ్యాగన్‌పై బండి సరిపోయినంత మాత్రాన అది ప్రయాణానికి యోగ్యమైనట్లు కాదు.

ప్రయాణానికి ముందు

1. బండి గరిష్ఠ వెడల్పు, ఎత్తు, కారుతో కలిపి మొత్తం పొడవు స్వయంగా కొలిచి నమోదు చేసుకోవాలి.

2. టిక్కెట్టు తీసుకునేటప్పుడే క్యారవాన్ ఉన్నట్లు తెలిపి, వెడల్పు పరిమితిని నిర్వాహకుల నుండి లిఖితపూర్వకంగా నిర్ధారించుకోవాలి.

3. రైలు ఎక్కిన తరువాత ఇంజను ఆపి, గేరులో ఉంచి, చేతి బ్రేకు వేయాలి.

4. రైలు కదులుతుండగా క్యారవాన్‌లో ఎవరూ ఉండరాదు.

క్యారవాన్ పర్యాటకాన్ని ప్రోత్సహించదలచిన రాష్ట్రాలు బస కేంద్రాలు, రహదారులతో పాటు రైలు రవాణా కొలతలను కూడా ప్రణాళికా దశలోనే పరిగణనలోకి తీసుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది. బండి తయారైన పిమ్మట దాని వెడల్పును తగ్గించడం సాధ్యం కాదు. ఆర్డరు ఇచ్చే ముందు రైల్వే అధికారులను సంప్రదిస్తే ఆ ఇబ్బంది ముందే తొలగిపోతుంది.