టికెట్ లేని రేసు, కంచె లేని జనం

మా మాకవరపాలెంలో నర్సీపట్నం రోడ్డు పక్కన నిలబడితే బస్సు గాలి ఎలా తగులుతుందో, టూర్ డి ఫ్రాన్స్‌లో సైకిళ్లు జనానికి అంత దగ్గరగా పోతాయి. కొండదారుల్లో అయితే చాలాచోట్ల కంచె కూడా ఉండదు. టికెట్టూ లేదు.

1903లో ‘లోటో’ అనే పేపరు అమ్మకాలు పెంచుకోడానికి ఈ రేసు పెట్టింది. 60 మంది, 6 స్టేజీలు. ఇంటి ముందుకే రేసొస్తే పేపరు కొనరా మరి! కొన్నారు.

మరుసటి ఏడాదే గొడవ. సెంట్ ఎతియెన్ దగ్గర కొండ మీద, రాత్రిపూట, జనం తమ ఊరి ఫోర్‌ని ముందుకు వదిలి, వెనకొచ్చేవాళ్లని కొట్టారు. మొదటి విజేత మోరిస్ గారాకీ దెబ్బలు తప్పలేదు. నిర్వాహకులు తుపాకీ పేల్చాకగానీ దారివ్వలేదు.

1975లో, అప్పటికే ఐదుసార్లు గెలిచిన ఎడ్డీ మెర్క్స్ కొండెక్కుతుంటే పక్కనున్న ఒకాయన పొట్టలో గుద్దాడు. ఆ ఏడాది మెర్క్స్‌ది రెండో స్థానం. గుద్దు వల్లే ఓడాడని నేననను. తర్వాత కిందపడి చెంప ఎముక కూడా విరిగింది.

నాకు ఎక్కువ భయం వేసేది మాత్రం 2021 జూన్ 26 సంగతి. అక్కడ కోపమే లేదు! ఒకామె తాతకీ నానమ్మకీ ముద్దుగా రాసిన అట్ట టీవీలో పడాలని రోడ్డు మీదకి వంగింది. చూపు కెమెరా వైపు, వీపు రేసు వైపు. టోనీ మార్టిన్ ఆ అట్టకి తగిలి పడ్డాడు, వెనక డజన్లమంది కుప్పకూలారు. కోర్టు 1,200 యూరోల జరిమానా వేసింది.

ఇప్పుడు అట్ట బదులు సెల్ఫీ. ఫ్రంట్ కెమెరాలో వెనకున్నవి అసలుకన్నా దూరంగా కనిపిస్తాయి. చదును రోడ్డు మీద ఆ గుంపు గంటకి 40 కిలోమీటర్లు దాటి వస్తుంది. అంటే సెకనుకి 11 మీటర్లు.