ప్రొటీన్ స్కిమ్మర్: చిన్న ఉప్పునీటి అక్వేరియంలో చవక స్కిమ్మర్ పనిచేస్తుందా? బిగించే ముందు ఇవి తెలుసుకోండి..

'ఫైండింగ్ నీమో' సినిమా వచ్చి 20 ఏళ్లు దాటింది. అయినా నారింజ రంగు మీద తెల్ల చారలున్న క్లౌన్ చేపను చూడగానే పిల్లలు ఇప్పటికీ "నీమో" అనే అంటారు. ఆ చేప కోసమే ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టేవాళ్లు ఎందరో. ట్యాంకు, లైటు, రాళ్లు, ఇసుక, ఉప్పు కొనేసరికే బడ్జెట్ అయిపోతుంది. దాంతో ప్రొటీన్ స్కిమ్మర్ దగ్గరకు వచ్చేసరికి చవకది తీసుకుంటారు.

వారం తిరక్కుండానే రెండు రకాల సమస్యలు వస్తాయి. కొందరు "నురగే రావట్లేదు" అని దాన్ని పక్కన పడేస్తారు. ఇంకొందరు "స్కిమ్మర్ ఉంది కదా" అని నీళ్లు మార్చడం మానేసి చేపల ప్రాణం మీదకు తెచ్చుకుంటారు. నిజానికి చవక స్కిమ్మర్ కూడా పనిచేస్తుంది. కాకపోతే దాన్ని సరిగా బిగించాలి.. అది చేయలేని పని మనం చేయాలి. అదెలాగో చూద్దాం.

అసలు స్కిమ్మర్ ఏం చేస్తుంది?

పప్పు ఉడికేటప్పుడు పైకి తేలే నురగను గరిటెతో తీసేస్తాం కదా. స్కిమ్మర్ చేసేదీ దాదాపు అదే. చేపల వ్యర్థాలు, తినగా మిగిలిన మేత నుంచి కొన్ని సేంద్రియ పదార్థాలు నీళ్లలో కరుగుతాయి. వీటిలో చాలావాటికి ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస నీటికి దూరంగా ఉండాలని చూస్తుంది. అందుకే గాలి బుడగ కనిపిస్తే దాని అంచుకు అంటుకుంటాయి. స్కిమ్మర్ గొట్టంలో సన్నని బుడగలు వేలకొద్దీ పుట్టి, ఈ మురికిని మోసుకుంటూ పైకి వెళ్తాయి. నురగగా మారి పైనున్న కప్పులో పడతాయి. కప్పులో చేరిన టీ డికాక్షన్ రంగు ద్రవం భరించలేనంత కంపు కొడుతుంది. ఆ కంపు వస్తోందంటే స్కిమ్మర్ పనిచేస్తున్నట్టే!

మరి మంచినీటి ట్యాంకులో ఎందుకు వాడరు? మంచినీళ్లలో చిన్న బుడగలు ఒకదాంతో ఒకటి కలిసి పెద్దవైపోతాయి. ఉప్పునీళ్లలో అలా కలవవు, సన్నగానే ఉంటాయి. అందుకే ఇది ఉప్పునీటి ట్యాంకులకే పరిమితం.

చవకదానికీ, ఖరీదైనదానికీ తేడా ఎంత?

చవక మోడళ్లలో కొన్ని ఎయిర్ పంప్, చెక్క ఎయిర్ స్టోన్‌తో నడుస్తాయి. కొన్నింటికి చిన్న మోటార్ ఉంటుంది. చప్పుడు ఎక్కువ, ప్లాస్టిక్ పలచన, సర్దుబాటు కష్టం. ఖరీదైనవి నిశ్శబ్దంగా, స్థిరంగా నడుస్తాయి. అయితే మురికి తీయడంలో తేడా మనం అనుకున్నంత ఉండదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ కెన్ ఫెల్డ్‌మన్ 2009లో కొన్ని స్కిమ్మర్లను పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. నీళ్లలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో అవి తీసింది సుమారు 20 నుంచి 30 శాతమే. మిగతాది నీళ్లలోనే ఉండిపోయింది. అంటే ఎంత డబ్బు పెట్టినా స్కిమ్మర్ ఒక్కటే ట్యాంకును శుభ్రంగా ఉంచలేదన్నమాట.

బిగించేటప్పుడు ఇవి మర్చిపోవద్దు

* కొత్త స్కిమ్మర్‌ను నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి కాసేపు నడిపించి, తర్వాత మంచినీళ్లతో బాగా కడగండి. ప్లాస్టిక్ మీద ఉండే జిడ్డు నురగను పుట్టనివ్వదు. సబ్బు మాత్రం అస్సలు వాడొద్దు.

* నీటి మట్టమే అసలు కీలకం. ఎంత లోతులో ఉంచాలో కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉంటుంది. మట్టం పెరిగితే కప్పు పొంగుతుంది, తగ్గితే నురగ పైకి రాదు. ట్యాంకు కింద రెండో తొట్టిలో పెట్టేవాళ్లు ఆ గదిలో మట్టం మారకుండా చూసుకోవాలి.

* ఎయిర్ పంప్ మోడల్ అయితే పంప్‌ను నీటి మట్టం కంటే పైన పెట్టండి. లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి వచ్చి పంప్‌లోకి చేరతాయి.

* వైరు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచండి. అప్పుడు వైరు వెంట జారిన నీళ్లు ప్లగ్‌లోకి పోకుండా కింద కారిపోతాయి. ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కన ఉండే చోట ఆర్‌సీసీబీ తప్పనిసరి.

మొదటి రెండు వారాలు ఓపిక పట్టాలి

కొత్త స్కిమ్మర్ కుదురుకోవడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. ఈలోగా ఒకరోజు పొంగుతుంది, ఇంకోరోజు అసలు నురగే ఉండదు. గంటకోసారి నాబ్ తిప్పొద్దు. కొద్దిగా తిప్పి ఒకరోజు ఆగి చూడండి. ట్యాంకులో ఒకటి రెండు చిన్న చేపలే ఉంటే తీయడానికి మురికి కూడా పెద్దగా ఉండదు. కప్పు ఖాళీగా ఉందని కంగారు పడక్కర్లేదు.

నురగ రాకపోతే ఏం చూడాలి?

మేత వేశాకో, ట్యాంకులో చేయి పెట్టాకో నురగ పడిపోవడం మామూలే. నూనె వల్ల అలా జరుగుతుంది. కొన్ని గంటల్లో మళ్లీ వస్తుంది. రోజంతా రాకపోతే గాలి పీల్చే సన్న గొట్టం చూడండి. అక్కడ ఉప్పు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. గోరువెచ్చని మంచినీళ్లు పోస్తే కరిగిపోతుంది. చెక్క ఎయిర్ స్టోన్ అయితే కొన్ని వారాలకు అరిగి బుడగలు పెద్దవవుతాయి, మార్చేయాలి. కప్పు మెడ లోపల పేరుకునే జిడ్డును వారానికి రెండుసార్లు తుడవాలి. చాలామంది వదిలేసేది ఇదే!

ఉన్నట్టుండి విపరీతంగా పొంగుతోందంటే నీళ్లలో కొత్తగా ఏం వేశారో గుర్తు చేసుకోండి. చేప ఒంటి జిగురును కాపాడతాయని చెప్పే కొన్ని వాటర్ కండిషనర్లు వేస్తే ఇలాగే అవుతుంది. ఆ ప్రభావం తగ్గేదాకా స్కిమ్మర్ ఆపేయండి. కానీ నీటిలో గాలి ఆడేలా ఎయిర్ పంప్ నడవనివ్వండి.

పొంగితే పోయేది నీళ్లు మాత్రమే కాదు

ఇక్కడే చిన్న ట్యాంకులు దెబ్బతింటాయి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో రాళ్లు, ఇసుక పోను దాదాపు 45 లీటర్ల నీళ్లుంటాయి. సముద్రపు నీటిలో ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకే ఆవిరైన మేరకు మంచినీళ్లే పోస్తాం. కానీ స్కిమ్మర్ పొంగి బయటికి పోయేది ఉప్పునీళ్లు. రోజూ ఒక లీటరు అలా పోయి, ఆ లోటును మంచినీళ్లతో నింపితే వారంలో 35 కాస్తా 30కి పడిపోతుంది. ఇంత తేడా చేపలను ఒత్తిడికి గురిచేస్తుంది. కాబట్టి మంచినీళ్లు పోసే ముందు రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు చూసుకోండి. 1.025 దగ్గర ఉంటే మంచిది.

స్కిమ్మర్ చేయలేని పని ఇదీ..

కరిగిన మురికి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. చేపలు నేరుగా కూడా అమ్మోనియాను వదులుతాయి. రాళ్ల మీద, ఇసుకలో ఉండే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. స్కిమ్మర్ మురికిని కుళ్లకముందే కొంత తీయగలదు. ఒకసారి పుట్టిన అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్‌లను మాత్రం తీయలేదు. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. స్కిమ్మర్ పెట్టాం కదా అని మొదటి వారంలోనే చేపను వదిలితే అది బతకడం కష్టం. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపను తేవాలి.

తర్వాత కూడా వారానికి 10 నుంచి 15 శాతం నీళ్లు మార్చాలి. 45 లీటర్ల ట్యాంకుకు అది ఏడు లీటర్ల లోపే. ఒక బకెట్ ఆర్‌ఓ నీళ్లు, పావు కిలో పైచిలుకు అక్వేరియం ఉప్పు చాలు. వంట ఉప్పు పనికిరాదు. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు, లవణాలు ఎక్కువుండే బోరు నీళ్లు నేరుగా వాడొద్దు. విశాఖ లాంటి చోట్ల బీచ్ నుంచి నీళ్లు పట్టుకొచ్చేద్దాం అనిపించొచ్చు. తీరం దగ్గరి నీళ్లలో, ముఖ్యంగా వానలు పడ్డాక, మురుగు కలిసే ప్రమాదం ఉంది.

స్కిమ్మర్ ఉంటే కోరల్, సముద్ర గుర్రం కూడా పెట్టేయొచ్చని ఎవరైనా చెబితే జాగ్రత్త. సముద్ర గుర్రాలు, రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. సముద్రం నుంచి తీసి అమ్మడం నేరం. క్లౌన్ చేపలను మాత్రం హేచరీలో పుట్టించి పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. హేచరీ చేపనే అడిగి తీసుకోండి. తొట్టి జీవితానికి అది అలవాటు పడే ఉంటుంది.

ఇంతకీ కొనాలా వద్దా?

45 లీటర్లలో ఒకటి రెండు చిన్న చేపలే ఉండి, వారం వారం నీళ్లు మారుస్తుంటే స్కిమ్మర్ లేకపోయినా నడుస్తుంది. ఉంటే మాత్రం రెండు లాభాలు. మురికి కొంత ముందే బయటికి పోతుంది, నీళ్లలో ఆక్సిజన్ పెరుగుతుంది. చేతిలో డబ్బు ఒకదానికే సరిపోతే మాత్రం ముందు రిఫ్రాక్టోమీటర్, టెస్ట్ కిట్, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంప్ కొనండి. ఆ తర్వాతే స్కిమ్మర్. కప్పులోని మురికి కంటికి కనిపిస్తుంది.. చేపను చంపే అమ్మోనియా కనిపించదు.