పదో జిల్లా ఓటర్లు

1961 ఏప్రిల్‌లో హైతీలో పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. బ్యాలెట్ పేపర్ల మీద అధ్యక్షుడు ఫ్రాన్స్వా దువాలియే పేరు కూడా అచ్చేశారు. నిజానికి ఆయన పదవీకాలం ఇంకో రెండేళ్లుంది. ఓటింగ్ అయ్యాక తీరిగ్గా ప్రకటించారు, ప్రజలు ఆయన్ని మరో ఆరేళ్లకి ఎన్నుకున్నారట! అధికారిక లెక్క: అనుకూలం 13,20,748. వ్యతిరేకం సున్నా.

అమెరికాలోని హైతీ వలసదారులు ఎవరికి ఓటేస్తారు, ఎందుకు వేస్తారు అని ఎక్కడ చదివినా నా మనసు ఈ సున్నా దగ్గరికే పోతుంది. పండితులు మామూలుగా చదువు, ఆదాయం, ఇంగ్లిష్, వచ్చి ఎన్నేళ్లయింది అని కొలుస్తారు. ఆ కొలతలు తప్పని అనను. కానీ ఓటు పెట్టె అంటే ఏమిటో సొంత దేశంలో ఒకసారి చూసొచ్చిన మనిషి కొత్త దేశంలో క్యూలో నిలబడితే, ఆ మనిషి తలలో ఏముంటుందో వాటికి అందదు.

దువాలియేల పాలన 1986 ఫిబ్రవరిలో పోయింది. మరుసటి ఏడాది కొత్త రాజ్యాంగం వచ్చింది, ఫ్రెంచ్ పక్కన జనం మాట్లాడే క్రెయోల్ కూడా అధికార భాష అయింది. 1987 నవంబర్ 29న ఎన్నికలు. పోర్టో ప్రిన్స్‌లో రుయెల్ వయాఁ అనే సందులో ఒక బడి పోలింగ్ కేంద్రం. ఓటేయడానికి వరసలో నిలబడ్డవాళ్ల మీద సాయుధులు తెగబడి కాల్చి, నరికి చంపారు. ఆ ఉదయమే ఎన్నిక రద్దయింది. అయినా మూడేళ్ల తర్వాత, 1990 డిసెంబర్‌లో, అదే జనం మళ్లీ క్యూ కట్టారు! చదువురాని వాళ్లకోసం బ్యాలెట్ మీద గుర్తులుండేవి (మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు). కోడిపుంజు గుర్తు మీద ఫాదర్ అరిస్టీడ్ దాదాపు 67 శాతం ఓట్లతో గెలిచాడు. తొమ్మిది నెలలకే సైన్యం ఆయన్ని దించేసింది.

ఇదంతా ఫ్లోరిడాకి, న్యూయార్క్‌కి పారిపోయినవాళ్లు రేడియోల్లో వింటూనే ఉన్నారు. 1970ల నుంచి పడవల్లో వచ్చినవాళ్లని అమెరికా ఎక్కువగా ఆర్థిక వలసదారులనే ముద్రేసి నిర్బంధించింది, వెనక్కి పంపింది. ఓటు లేదు కాబట్టి వాళ్ల రాజకీయమంతా వీధిలోనే నడిచింది. మయామీలో ఫాదర్ జెరార్ జాఁ జుస్త్ శరణార్థుల కేంద్రాన్ని నడుపుతూ కోర్టుల్లో, రోడ్ల మీద పోరాడాడు. 1990లో ఎయిడ్స్ పేరు చెప్పి హైతీవాళ్లు రక్తదానం చేయకూడదని అమెరికా ప్రభుత్వ సంస్థ సూచించింది. ఏప్రిల్ 20న బ్రూక్లిన్ బ్రిడ్జి మీదుగా 50 వేల మందికి పైగా నడిచారని అంచనా. ఆ ఏడాది చివరికల్లా ఆ నిబంధన పోయింది. ఆ నడిచినవాళ్లలో ఎంతోమంది అమెరికాలో ఓటర్లే కాదు. రాజకీయ భాగస్వామ్యాన్ని పోలింగ్ శాతంతోనే కొలిస్తే ఆ రోజు ఏ గడిలోకీ రాదు, నాకు అదే అభ్యంతరం.

మరి పౌరసత్వం తీసుకోలేదేం? చాలామంది తమని ప్రవాసులుగానే అనుకున్నారు, రేపో మాపో వెళ్లిపోయేవాళ్లం అని. పైగా 1987 రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోలేదు. అమెరికాలో ఓటు కావాలంటే హైతీ పౌరుడిగా ఉండటం మానుకోవాలి. మన ఎన్నారైలకీ ఈ తంటా తెలిసిందే: అక్కడి పౌరసత్వం తీసుకుంటే ఇక్కడి ఓటు పోతుంది, తీసుకోకపోయినా ఓటేయాలంటే విమానమెక్కి సొంతూరి బూత్‌కి రావాల్సిందే. అప్పట్లో హైతీకి తొమ్మిది జిల్లాలు. అరిస్టీడ్ ప్రవాసులని ‘పదో జిల్లా’ అని ముద్దుగా పిలిచాడు. డబ్బు పంపే జిల్లా, ఓటు లేని జిల్లా. 2003లో నిప్ అనే అసలైన పదో జిల్లా ఏర్పడటంతో ఆ అంకె కూడా చేజారింది! ద్వంద్వ పౌరసత్వం మీద నిషేధం 2012లో గానీ పోలేదు.

అమెరికాలో మాత్రం ఈలోగా లెక్క మారింది. 1999లో మసాచుసెట్స్ శాసనసభకి మరీ సెయింట్ ఫ్లర్, 2001లో నార్త్ మయామీ మేయర్‌గా జో సెలెస్టిన్ ఎన్నికయ్యారు. అమెరికా ఓటు హక్కుల చట్టం రక్షించే భాషా వర్గాల్లో క్రెయోల్ లేదు. మయామీ డేడ్ కౌంటీ మాత్రం తన సొంత నిర్ణయంతో క్రెయోల్‌లో బ్యాలెట్ అచ్చేస్తుంది.

వీళ్లలో ఎక్కువమంది డెమొక్రాట్లకే వేస్తారు. కానీ ఆ ఓటు జేబులో ఉందనుకోవడం పొరపాటు. అరిస్టీడ్‌ని 1994లో తిరిగి గద్దెనెక్కించింది క్లింటనే. ఆ వెంటనే బియ్యం మీద దిగుమతి సుంకాలు కోసేయించి, అమెరికా బియ్యంతో హైతీ రైతుని ముంచిందీ ఆ ప్రభుత్వమే. అది తప్పేనని 2010లో క్లింటన్ సెనేట్ ముందు ఒప్పుకున్నాడు. 2016లో ట్రంప్ మయామీలోని లిటిల్ హైతీకి వెళ్లింది ఈ కోపాన్ని ఏరుకోవడానికే. ఎనిమిదేళ్ల తర్వాత, ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీవాళ్లు కుక్కల్ని, పిల్లుల్ని తింటున్నారని టీవీ చర్చలో చెప్పిందీ ఆయనే. ఆ ఊరికి చేరినవాళ్లలో చాలామంది తాత్కాలిక రక్షణ హోదాతో ఉన్నవాళ్లు. తమ మీద పడ్డ అబద్ధానికి ఓటుతో జవాబిచ్చే వీలు వాళ్లకి లేదు.

అప్పటికి వాళ్ల సొంత దేశంలోనూ బ్యాలెట్ పెట్టె మూలపడి ఉంది. చివరి అధ్యక్ష ఎన్నిక 2016 నవంబర్‌లో జరిగింది. అందులో గెలిచిన మొయీజ్‌ని 2021 జూలైలో ఇంట్లోనే చంపేశారు. 2023 జనవరిలో మిగిలిన పదిమంది సెనేటర్ల గడువూ తీరిపోయింది. 2024 నవంబర్ 5న క్రెయోల్ బ్యాలెట్ పేపర్ చూడాలంటే పోర్టో ప్రిన్స్‌లో కాదు, మయామీలో చూడాలి.