పట్టపగలు చీకటి పడిన ఏడాది

గోదావరి ఒడ్డున, భద్రాచలం దగ్గర మా గూడెంలో ఒక అవ్వకు పింఛను కాగితం రాస్తున్నారు. వయసు దగ్గర పని ఆగింది. పుట్టిన తేదీ అడిగితే ఆమె, "నా పెద్దకొడుకు చంకలో ఉన్నప్పుడు పట్టపగలు చీకటి పడ్డది. కోళ్లు గంప కిందికి పోయినయ్" అన్నది. రాసే కుర్రాడు నవ్వి, ఆమె మొహం చూసి యాభై రెండు అని వేశాడు.

నిజానికి ఆమె తేదీ చెప్పింది. దాన్ని చదవడం మనకు చేతకాలేదు.

గ్రహణం చూశామని ఎవరైనా అంటే, ముందు ఏ గ్రహణమో తేల్చుకోవాలి. చంద్రగ్రహణం పున్నమినాడే వస్తుంది. భూమి నీడ వెళ్లి చంద్రుడి మీద పడుతుంది కాబట్టి, ఆ వేళకు చంద్రుడు ఎవరి ఆకాశంలో ఉంటే వాళ్లందరికీ కనిపిస్తుంది. మబ్బు లేకపోతే ఆదిలాబాదులోనూ అరకులోనూ ఒకే నిమిషాన కనిపిస్తుంది. కొన్నేళ్లకొకసారి వస్తూనే ఉంటుంది. వయసు లెక్కకు అది పెద్దగా పనికిరాదు.

సూర్యగ్రహణం అమావాస్యనాడు వస్తుంది. అయితే చంద్రుడు తిరిగే దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉండడం వల్ల చాలా అమావాస్యలకు దాని నీడ భూమికి పైనుంచో కిందనుంచో తప్పిపోతుంది. తగిలినా, నిండు నీడ ఒక సన్నని బాటగా సాగిపోతుంది. దాని వెడల్పు చాలాసార్లు వంద, రెండువందల కిలోమీటర్లే. ఆ బాటలో ఉన్నవాళ్లకే పగలు రాత్రి అవుతుంది. పక్కవాళ్లకు సూర్యుడు కొరికిన రొట్టెలా కనిపిస్తాడు, అంతే. ఒకే ఊరి మీదికి నిండు నీడ మళ్లీ రావాలంటే సగటున మూడున్నర వందల ఏళ్లకు పైనే పడుతుంది. అందుకే 'చీకటి పడ్డది' అన్న మాటకు అంత విలువ.

1980 ఫిబ్రవరి 16, శనివారం. నీడ పడమటి తీరాన అంకోలా దగ్గర నేల మీదికి వచ్చి, రాయచూరు దాటి, హైదరాబాదుకు దక్షిణాన సాగింది. జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వేధశాల ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు కాచుకుని ఉన్నారు. మధ్యాహ్నం మూడు ముప్పావు ప్రాంతంలో రెండు నిమిషాలకు పైగా నిండు గ్రహణం. అక్కడినుంచి నీడ గోదావరి అడవుల మీదుగా పూరీ, కోణార్క్ వైపు వెళ్లిపోయింది. హైదరాబాదులో చాలామంది తలుపులు వేసుకుని కూర్చున్నారు. మా అవ్వ మాత్రం కళ్లంలో ఉంది.

శ్రీకాకుళం వైపు సవర పెద్దలు ఇలాంటి మాటే చెబితే వెంటనే 1980 అని రాసుకోకూడదు. 1999 ఆగస్టు 11 నీడ ఆ జిల్లా మీదుగా వెళ్లి బంగాళాఖాతంలో ముగిసింది. అయితే అది పొద్దుగూకే వేళ, పైగా వానకాలం. ఎలాగూ చీకటి పడే వేళే కదా, జనం గుర్తుపెట్టుకుంటారా అని నా అనుమానం. ఆదిలాబాదు గోండు పెద్దలకు 1980లో వెలుగు మందగించింది గాని చీకటి పడలేదు. కాబట్టి ఎప్పుడు అని అడిగేముందు, అప్పుడు నువ్వు ఎక్కడున్నావు అని అడగాలి. పెళ్లయి వేరే ఊరు వచ్చిన ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఇంకా వెనక్కి పోతే 1868 ఆగస్టు 18 ఉంది. ఆ రోజు గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్, వనపర్తిలో అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి పరికరాలు పెట్టుకుని చూశారు. గుంటూరులో హీలియం కనిపెట్టారని బడిలో చెబుతుంటాం. అది సగం మాటే. సూర్యుడి అంచున లేచే మంటల కాంతిరేఖలను గ్రహణం లేనప్పుడు కూడా చూడవచ్చని జాన్సెన్ మర్నాడే చూపించాడు. పసుపురేఖ కొత్త మూలకానిదని తేల్చే పని ఇంగ్లండులో లాకియర్ చేతుల మీదుగా సాగింది. భూమి మీద హీలియం దొరికింది 1895లో. ఇదంతా అచ్చులో ఉంది. అదే నీడ కింద నిలబడిన కూలీలు, పశువుల కాపరులు ఏం చూశారో అచ్చులో దొరకడం అరుదు.

మన కథలు కొన్ని అచ్చయ్యాయి. వెరియర్ ఎల్విన్ 1949లో తెచ్చిన మధ్య భారత కథల సంపుటంలో సూర్యచంద్రులు అప్పుపడడం వల్ల గ్రహణం పడుతుందనే కథలున్నాయి. రాహువు పాము అని విన్నవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. షావుకారును ఎరిగిన గూడేలకు కాదు.

టీచర్లు పిల్లలతో ఈ పని చేయించవచ్చు. పొద్దు ఎక్కడుంది, నక్షత్రాలు కనిపించాయా, పొలంలో ఏ పంట ఉంది, ఎవరు కడుపుతో ఉన్నారు అని ఇంట్లో పెద్దల్ని అడిగి రాసుకోవాలి. 'గ్రహణం చూశావా' అని అడిగితే అందరూ చూశామనే అంటారు. 'చీకట్లో కోళ్లు ఏం చేశాయి' అని అడగండి.

నేనూ అవ్వను మళ్లీ అడిగాను. మిరపకాయలు ఎండబోశారట. పశువులు ఇంకా ఇంటికి మళ్లలేదట. ఫిబ్రవరి, మూడు ముప్పావు. సరిపోయింది. అప్పటికే బిడ్డ తల్లి కాబట్టి ఆమె ఇవాళ అరవై దాటే ఉంటుంది. లెక్క మొత్తం ఒక తెల్లకాగితం మీద రాసి, నీడ బాట పటం జతచేసి ఇచ్చాను. తీసుకున్నారు. యాభై రెండు ఇంకా అలాగే ఉంది.